అరుగు పోయిన పార్టీలు

(విజయవాడలోని ఒక గ్రంథాలయ మందిరంలో జరిగిన సాయంకాలపు సభలో, గుంటూరుకు చెందిన ఒక విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి ఎత్తి రాసినది. తడబాట్లను మాత్రమే తొలగించాం.)

అధ్యక్షులవారికి, పెద్దలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడిన విద్యార్థులకు నమస్కారం. ముందు వరసలో నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. నాయకుల కోసమని ముందు కుర్చీలు వదిలిపెట్టడం మన సభల్లో అలవాటు. ఈరోజు నాయకులెవరూ రావడం లేదని నిర్వాహకులు నాకు ముందే హామీ ఇచ్చారు.

విషయంలోకి వెళ్లేముందు ఒక సంగతి చెబుతాను. 2009 ఏప్రిల్‌లో తెనాలి దగ్గర ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో నేను ప్రిసైడింగు అధికారిగా పనిచేశాను. మధ్యాహ్నం రెండు గంటల వేళ, ఎండకు వరస పలచబడిన సమయంలో, నడివయసు రైతు ఒకాయన వచ్చాడు. మొదటి అధికారి పేరు చదివాడు, ఏజెంట్లు తమ జాబితాల్లో గీత గీసుకున్నారు, వేలికి సిరా పెట్టారు, 17ఎ రిజిస్టరులో సంతకం అయింది. అంతా అయ్యాక ఆయన యంత్రం దగ్గరకు వెళ్లకుండా నా బల్ల దగ్గరకు వచ్చి, "అయ్యా, నేను ఎవరికీ వేయదలుచుకోలేదు, ఆ మాట రాసుకోండి" అన్నాడు. ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49-ఓ అని ఒక నియమం ఉండేది. శిక్షణ తరగతిలో దాని గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేశారు, ఎందుకంటే దాన్ని అడిగే మనిషి ఒకడు వస్తాడని చెప్పేవారికీ నమ్మకం లేదు. నేను రిజిస్టరు తెప్పించి, ఆయన పేరుకు ఎదురుగా రిమార్కుల గడిలో ఓటు వేయడానికి నిరాకరించారని రాసి, అక్కడ ఆయన చేత మరొక సంతకం చేయించాను. ఆ కాసేపూ మూడు పార్టీల ఏజెంట్లూ ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చున్నారు. ఆయన గడప దాటగానే ఒక ఏజెంటు పక్కనున్న ఏజెంటును అడిగిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది: "ఈయన మీ తాలూకా, మా తాలూకా?"

ఎవరి తాలూకూ కానివాడు ఒకడు ఉంటాడన్న ఊహే వాళ్లకు రాలేదండీ. ఆ ముగ్గురికీ రాలేదు. ఈరోజు నేను మాట్లాడబోయేది ఆ రైతు గురించే. ఇంకా చెప్పాలంటే, ఆ రైతు వంటివారు ప్రపంచమంతటా పెరుగుతున్నప్పుడు వాళ్ల కోపం ఎటు పోతుందన్న దాని గురించి.

తరవాత ఏం జరిగిందో మీకు తెలుసు. ఎవరికీ వేయనని చెప్పేవాడికి రహస్యం లేకుండా పోతున్నదని, అది ఓటరు హక్కుకు భంగమని 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. యంత్రం మీద నోటా మీట వచ్చింది. 2019 ఎన్నికల్లో మన రాష్ట్ర శాసనసభకు నోటాకు పడిన ఓట్లు కాంగ్రెస్‌కు పడినవాటి కంటే ఎక్కువ, భారతీయ జనతా పార్టీకి పడినవాటి కంటే కూడా ఎక్కువ. 2024లో ఇందోర్ లోక్‌సభ స్థానంలో ప్రధాన ప్రతిపక్షం అభ్యర్థి చివరి నిమిషంలో తప్పుకుంటే, నోటాకు 2,18,674 ఓట్లు వచ్చాయి. అయితే ఏమైంది? ఏమీ కాలేదు. నోటాకు అందరికంటే ఎక్కువ వచ్చినా, మిగిలిన అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవాడే గెలిచినట్టు లెక్క. కోపాన్ని నమోదు చేసుకుంటారు, రశీదు ఇవ్వరు.

ఇక 'జనాకర్షక రాజకీయం', ఇంగ్లీషులో పాపులిజం, అన్న మాట దగ్గరకు వద్దాం. మన పత్రికల్లో ఈ మాట కనబడగానే మనకు గుర్తొచ్చేది ఏమిటి? కిలో రెండు రూపాయల బియ్యం, ఉచిత కరెంటు, ఆడవాళ్లకు ఉచిత బస్సు, ఖాతాలో పడే డబ్బు. అంటే పథకాలు. కానీ ప్రపంచంలో పాపులిజం అంటే పథకం కాదు. ఒక కథ చెప్పే తీరు అది. ఒకవైపు మంచివాళ్లైన జనం ఉన్నారు, మరొకవైపు వాళ్లను దోచుకునే పెద్దలు ఉన్నారు, ఆ పెద్దలందరూ పైకి వేర్వేరు పార్టీలైనా లోపల ఒక్కటే, జనం గొంతు నేనొక్కడినే, అన్నది ఆ కథ. ఒక్క రూపాయి పంచకుండా ఈ కథ చెప్పి గెలిచినవాళ్లున్నారు. బోలెడంత పంచి కూడా ఈ కథ చెప్పనివాళ్లున్నారు. ఈ రెండింటినీ మనం ఒకే మాటతో పిలవడం వల్ల, పేదవాడికి బియ్యం ఇచ్చిన ప్రతివాడూ ప్రజాస్వామ్యానికి ప్రమాదమని వాదించే పెద్దమనుషులకు పని తేలికైంది. ఆ వాదన నాకు సమ్మతం కాదు. ముందే చెప్పేస్తున్నాను, తరవాత చర్చలో అడగవచ్చు.

అసలు ఆ పేరు ఎక్కడ పుట్టిందో చూస్తే, గుంటూరువాళ్లకు ఆశ్చర్యం కలుగుతుంది. అమెరికాలో పత్తి, గోధుమ పండించే రైతులు 19వ శతాబ్దం చివర అప్పుల్లో కూరుకుపోయారు. రైలు కంపెనీలు సరుకు రవాణాకు ఎంత చెబితే అంత కట్టాలి, పంట చేతికి వచ్చిన నెలలో ధర పడిపోతుంది, అయినా షావుకారు ఆగడు. అక్కడి రెండు పెద్ద పార్టీలూ తమ మాట వినడం లేదని వాళ్లు పీపుల్స్ పార్టీ పెట్టుకుని, 1892లో ఒమాహా నగరంలో సభ జరిపారు. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికలో వాళ్ల అభ్యర్థికి పది లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. వాళ్ల కోరికల్లో ఒకటి చెబుతాను, వినండి. ప్రభుత్వం గోదాములు కట్టాలి, రైతు పంటను అందులో పెట్టుకోవాలి, పంట విలువలో 80 శాతం దాకా తక్కువ వడ్డీకి అప్పు ఇవ్వాలి, ధర వచ్చినప్పుడు రైతు అమ్ముకోవాలి. మన మిర్చి రైతు గుంటూరు శీతల గిడ్డంగిలో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పెట్టి, బాండు మీద అప్పు తెచ్చుకుని, ధర కోసం ఎదురుచూడటం లేదా? అదే ఆలోచన, నూట ముప్పై ఏళ్ల కింద. పాపులిస్టు అన్న పేరు మొదట పెట్టుకున్నవాళ్లు వీళ్లు. 1896లో ఆ పార్టీ డెమొక్రాటిక్ అభ్యర్థి వెనక నిలబడి క్రమంగా కరిగిపోయింది. కానీ వాళ్లు అడిగిన ఆదాయపు పన్ను, సెనేటర్లకు ప్రత్యక్ష ఎన్నిక, రెండూ 1913లో ఆ దేశపు రాజ్యాంగంలోకి ఎక్కాయి. కాబట్టి ఆ మాట వినగానే ముక్కు మూసుకోనక్కరలేదు. అందులో రైతు చెమట వాసన కూడా ఉంది.

సరే, జనం పెద్ద పార్టీలను ఎందుకు వదిలేస్తున్నారు? అవినీతి అంటారు, ధరలు అంటారు, నిరుద్యోగం అంటారు. అన్నీ నిజమే. కానీ అవినీతి, ధరలు, నిరుద్యోగం నలభై ఏళ్ల కింద కూడా ఉన్నాయి. అప్పుడు లేనిది, ఇప్పుడు వచ్చింది ఏమిటి? నా దృష్టిలో, వచ్చిందానికంటే పోయింది ముఖ్యం. పార్టీకి అరుగు పోయింది.

అరుగు అంటే నిజంగా అరుగేనండీ, ఉపమానం కాదు. నా చిన్నతనంలో మా ఊళ్లో ఒక కమ్యూనిస్టు కార్యకర్త ఇంటి ముందు సున్నం వేసిన పొడుగాటి అరుగు ఉండేది. సాయంత్రం విశాలాంధ్ర పత్రిక వస్తే చదువు వచ్చినవాడు చదివేవాడు, రానివాళ్లు వినేవారు. ఆ అరుగు మీదే కాలవ నీళ్ల వంతు తగాదా తేలేది, కూలి రేటు మాట్లాడుకునేవారు, కాపురం చేయనన్న అల్లుడికి చీవాట్లు పడేవి. ఎదురు వీధిలో కాంగ్రెస్ పెద్దాయనకూ ఒక అరుగు ఉండేది, కాకపోతే అక్కడ కాఫీ ఇచ్చేవారు. మా నాన్నగారు కమ్యూనిస్టుల అరుగు మీద కూర్చుని, కాఫీకి కాంగ్రెస్ అరుగుకు వెళ్లేవారు. ఓటు ఎవరికి వేశారో మా అమ్మకు కూడా చెప్పలేదు. ఆ అరుగుల మీద న్యాయం జరిగేదని నేను అనడం లేదు. కులం ఉండేది, కొందరు అరుగెక్కలేక కింద నిలబడే మాట్లాడేవారు. అది మరచిపోయి పాత రోజులను పొగిడితే తప్పు. కానీ ఊరి కోపం రాష్ట్ర రాజధానికి వెళ్లడానికి అది ఒక దారి. 1922లో పెదనందిపాడు ఫిర్కాలో పన్నులు కట్టం అని ఊళ్లకు ఊళ్లు నిలబడినప్పుడు, గ్రామాధికారులు పదవులు వదులుకున్నప్పుడు, అది ఎవరో మైకులో పిలుపు ఇస్తే జరిగింది కాదు. గడప గడపకూ తిరిగిన మనుషులు ఉన్నారు కాబట్టి జరిగింది.

ఇప్పుడు ఆ కార్యకర్త ఏం చేస్తున్నాడు? ఫ్లెక్సీ కడుతున్నాడు, బైకు ర్యాలీకి పెట్రోలు కూపన్లు పంచుతున్నాడు. జనం మాట పైకి తీసుకువెళ్లే పని అతనికి లేదు. పై మాట కిందికి తీసుకురావడానికి కూడా ఇప్పుడు అతనితో పని లేదు, ఫోను ఉంది కదా.

ఇది మన దగ్గరి జబ్బే అనుకోకండి. బ్రిటన్‌లో 1950ల తొలినాళ్లలో కన్జర్వేటివ్ పార్టీకి దాదాపు 28 లక్షల మంది సభ్యులు ఉండేవారు. 2024లో ఆ పార్టీ తన నాయకుడిని ఎన్నుకున్నప్పుడు ఓటు ఉన్న సభ్యులు 1,31,680 మంది. 1951లో అక్కడి రెండు పెద్ద పార్టీలకూ కలిపి నూటికి 97 ఓట్లు పడ్డాయి, 2024లో 57 పడ్డాయి. ఫ్రాన్సులో దశాబ్దాల పాటు అధ్యక్ష పదవి మార్చి మార్చి అనుభవించిన రెండు సంప్రదాయాల పార్టీల అభ్యర్థులకు 2022లో ఎన్ని వచ్చాయో తెలుసా? ఒకరికి నూటికి అయిదు లోపు, మరొకరికి రెండు లోపు. మన పక్కనే ఉన్న శ్రీలంకలో 2020లో మూడు సీట్లు తెచ్చుకున్న కూటమి 2024 నవంబరులో 225కు 159 తెచ్చుకుంది. పాత పార్టీలు కూలిపోయాయి అంటారు. ఒక్క రోజులో కూలలేదండీ. చెద ఎప్పుడో పట్టింది, ఎన్నిక రోజున తలుపు తోశారు.

వెనిజులా సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అది మనకు దగ్గరగా ఉంటుంది. 1958లో అక్కడి ప్రధాన పార్టీలు, ఎవరు గెలిచినా ఫలితాన్ని గౌరవిద్దామని, పాలనలో అందరికీ చోటిద్దామని ఒక ఒప్పందం చేసుకున్నాయి. నియంతల చేతిలో నలిగిన దేశానికి అది గొప్ప మేలు చేసింది. తరవాతి మూడు దశాబ్దాలూ రెండు పార్టీలే, ఒకదాని తరవాత ఒకటి. చమురు డబ్బు ఉంది, పంపకాలు ఉన్నాయి, ఉద్యోగం కావాలంటే ఏదో ఒక పార్టీ కార్డు ఉండాలి. ధర పడి చమురు డబ్బు తగ్గాక, పాత మంచి రోజులు తిరిగి తెస్తాడన్న ఆశతో 1988లో ఒక మాజీ అధ్యక్షుడినే మళ్లీ గెలిపించారు. ఆయన ప్రమాణం చేసిన నెలలోపే పెట్రోలు ధర పెంచాడు, దానితో బస్సు చార్జీలు పెరిగాయి. 1989 ఫిబ్రవరిలో, తెల్లవారుజామున పనికి బయలుదేరిన కూలీలు బస్టాండులో కొత్త చార్జీ విని తిరగబడ్డారు. దుకాణాలు లూటీ అయ్యాయి, సైన్యం దిగింది, వందల మంది చనిపోయారు. గమనించండి, వాళ్లు ఏ పార్టీ కార్యాలయానికీ వెళ్లి మొరపెట్టుకోలేదు. వెళ్లి లాభం లేదని తెలుసు. మూడేళ్లకు సైన్యాధికారి ఛావెజ్ తిరుగుబాటు చేసి ఓడిపోయాడు, 1998లో ఎన్నికలో 56 శాతం ఓట్లతో గెలిచాడు. ఆ తరవాతి కథ సుఖాంతం కాదు. కానీ ఛావెజ్‌ను తిట్టేవాళ్లలో ఎందరు ఆ బస్టాండు దగ్గర ఆగి ఆలోచిస్తారు?

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఇక్కడ కొందరికి కోపం రావచ్చు. రెండు వైపులా సమానంగా వచ్చేటట్టు చూసుకుంటాను.

1978 నుంచి 1983 దాకా అయిదేళ్లలో ఢిల్లీ పెద్దలు మనకు నలుగురు ముఖ్యమంత్రులను ఇచ్చారు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. 1982 మార్చి 29న రామారావుగారు తెలుగుదేశం పెట్టారు, తొమ్మిది నెలలు తిరిగేసరికి 294కు 201 సీట్లు వచ్చాయి. ఆయన చెప్పింది అచ్చంగా పాపులిస్టు కథే. ఇటు తెలుగువారి ఆత్మగౌరవం, అటు ఢిల్లీ దర్బారు. పథకమూ ఉంది, కథా ఉంది. అయితే ఆ పార్టీ నలభై ఏళ్లు దాటి ఎందుకు నిలబడింది? 2008 ఆగస్టులో తిరుపతిలో పెద్ద జనసందోహం మధ్య పుట్టిన ప్రజారాజ్యం, మరుసటి ఏడాది 18 సీట్లు తెచ్చుకుని, 2011లోనే కాంగ్రెస్‌లో ఎందుకు కలిసిపోయింది? రెండింటికీ సినిమా ఆకర్షణ ఉంది. తేడా ఎక్కడుంది? మొదటిది కరణాలను, మునసబులను తీసేసి, మండలాలు పెట్టి, అప్పటిదాకా అరుగు కింద నిలబడినవాళ్లలో కొందరిని మండలాధ్యక్షులుగా కుర్చీ ఎక్కించింది. వాళ్లే ఆ పార్టీకి ఊళ్లలో కాళ్లయ్యారు. రెండోదానికి అభిమానులు ఉన్నారు, ఊళ్లో కాళ్లు లేవు. కోపం మిమ్మల్ని గెలిపించవచ్చు, కానీ అయిదేళ్లు మోయదు. ఢిల్లీలో 2015లో 70కి 67 తెచ్చుకున్న ఆమ్ ఆద్మీ పార్టీకి 2025లో 22 మిగిలాయి.

తరవాత లెక్కలు చూడండి. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 175కు 151. 2024లో అదే పార్టీకి 11. తెలుగుదేశానికి 2019లో 23, 2024లో 135. ఈ అంకెలు చూసి జనం తుడిచిపెట్టేశారని అంటాం. ఓట్లు చూద్దాం. 151 వచ్చినప్పుడు నూటికి 50, 11 వచ్చినప్పుడు నూటికి 39. తెలుగుదేశానికి 23 వచ్చిన రోజున కూడా నూటికి 39 ఉన్నాయి. అంటే నూరుమందిలో పదిమంది చోటు మారారు, దానికి పొత్తులు తోడయ్యాయి. మిగిలిన తొంభైమంది? వాళ్లు మునుపు ఎక్కడ ఉన్నారో దాదాపు అక్కడే ఉన్నారు. మా పెద్దలకు ఇది కొత్త కాదు. 1955లో కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు వచ్చి, 196 సీట్లలో 15 దక్కాయి. సీట్ల పద్ధతే అటువంటిది. కానీ గెలిచినవాడు ఏం అంటాడు? "ప్రజలు తీర్పు ఇచ్చారు" అంటాడు. ఏ ప్రజలు? ఆ 39 మంది ప్రజలు కారా? 2019లో గెలిచినవారూ ఆ మాటే అన్నారు, 2024లో గెలిచినవారూ ఆ మాటే అన్నారు. పాపులిజంలో నేను భయపడేది ఈ మాటకేనండీ, బియ్యానికి కాదు. హంగరీలో 2010లో నూటికి 53 ఓట్లతో మూడింట రెండొంతుల సీట్లు తెచ్చుకున్న పార్టీ, మిగిలిన 47 మందితో పని లేకుండా కొత్త రాజ్యాంగమే రాసుకుంది.

మరి మన దగ్గర అరుగు ఏమైంది? 2019 ఆగస్టులో యాభై ఇళ్లకు ఒక వాలంటీరు వచ్చాడు. ముసలమ్మ పింఛను కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడవలసిన పని లేకుండా పోయింది. అది చిన్న విషయం కాదు, దాన్ని వెక్కిరించేవాళ్లు ఎన్నడూ ఆ గుమ్మం ముందు నిలబడి ఉండరు. కానీ దానితోపాటు ఊళ్లో పార్టీ మనిషికి పని పోయింది, అధికార పార్టీ మనిషికి కూడా. ప్రభుత్వం మారాక వాలంటీర్లు పోయి సచివాలయ ఉద్యోగులు ఇంటికొచ్చి పింఛను ఇస్తున్నారు. మంచిదే. అయితే ఇచ్చేదానికి దారి ఏర్పడింది కానీ, అడిగేదానికి దారి? 2018 ఆగస్టులో పంచాయతీల గడువు తీరితే, 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలు జరగలేదు. రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఆ రెండున్నరేళ్లలో ఇక్కడ రెండు ప్రభుత్వాలు ఉన్నాయి. రెండు వైపులా సమానంగా అన్నాను కదా.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఇక్కడ వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో ఉండే నా పాత విద్యార్థి ఒకడు మూడు రోజులు మేడ మీద ఉన్నాడు. అతని ఫోనులో మూడు పార్టీల వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. మూడింటిలోనూ నాయకుల ఫొటోలు వస్తూనే ఉన్నాయి. మెట్లు మునిగాయి, పసిపిల్ల ఉంది, పాలు కావాలి అని అతను మూడింటిలోనూ పెట్టాడు. ఎవరో బొటనవేలి గుర్తు పెట్టారు. చివరకు పక్క వీధి కుర్రాళ్లు లారీ ట్యూబు మీద పాలపాకెట్లు తెచ్చి, తాడు వేయించి పైకి పంపారు. ఆ కుర్రాళ్లు ఏ పార్టీ వాళ్లో అతనికి ఇప్పటికీ తెలియదు. రేపు ఎవరైనా వచ్చి, "ఈ పార్టీలన్నీ దొంగలు, నన్ను నమ్ము" అంటే అతను నమ్మడా? నేను అతని చోట ఉంటే నమ్ముతానేమో. అందుకే, మోసపోయాడని ఓటరును తిట్టే ఉపన్యాసం నా చేత కాదు.

మన ఓటరు ఇంకా బూత్‌కు వస్తున్నాడు. 2024లో మన రాష్ట్రంలో నూటికి 80 మందికి పైగా ఓటు వేశారు, అదే ఏడాది బ్రిటన్‌లో నూటికి 60 మందే. అంటే ఇక్కడ కోపం ఇంట్లో కూర్చోలేదు, వరసలో నిలబడింది. దాన్ని ఆశ అనుకోవాలో, వేరే దారి లేకపోవడం అనుకోవాలో నేను ఇంకా తేల్చుకోలేదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ఆ తెనాలి రైతు దగ్గరకు వెళ్లి ఆపుతాను. 2019 ఎన్నికల తరవాత ఒకనాడు తెనాలి బస్టాండులో ఆయన నాకు కనబడ్డాడు. నన్ను ఆయనే గుర్తుపట్టాడు. "ఇప్పుడు మీకు సుఖమే కదా, నోటా మీట వచ్చింది, సంతకాల గొడవ లేదు, ఎవరూ ముఖం వంక చూడరు" అన్నాను. ఆయన సంచీ కింద పెట్టి, "లేదండీ, నేను నోటా నొక్కడం లేదు. ఆవేళ ఎవరికీ వేయలేదన్న సంగతి కనీసం మీ నలుగురికీ తెలిసింది. ఆ ఏజెంట్లు రాత్రికి మా ఇంటికి వచ్చి, ఏమైందయ్యా అని అడిగారు. పదేళ్లలో పార్టీవాళ్లు మా గడపలోకి వచ్చి, ఏమైంది అని అడిగింది ఆ ఒక్కసారే" అన్నాడు. ఈలోపు గుంటూరు బస్సు వచ్చింది, ఆయన ఎక్కి వెళ్లిపోయాడు. ఏం చెప్పాడో వాళ్లకు ఆ రాత్రి, అడగడం కుదరలేదు.

ఇక ప్రశ్నలు అడగండి. వెనక నిలబడినవాళ్లు ముందు అడగండి.